హౌటన్ హాల్‌లో ఆధునిక శిల్పాలు చూడ్డానికి స్నేహితురాలితో వెళ్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో హౌటన్ హాల్ అని ఒక పాత జమీందారీ భవనం ఉంది. ఏటా వేసవిలో దాని చుట్టూ ఉన్న పార్కులో ఆధునిక శిల్పాల ప్రదర్శన పెడతారు. నేను రెండుసార్లు వెళ్లాను, 2020లో ఒంటరిగా, 2024 అక్టోబర్‌లో నా స్నేహితురాలితో. ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఇక్కడి తెలుగువాళ్లు, ఊళ్లో చుట్టాలు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలకు నా జవాబులివి.

హౌటన్ హాల్ ఎవరిది? అంత పెద్ద ఇల్లు ఎందుకు కట్టారు?

బ్రిటన్ తొలి ప్రధానమంత్రిగా చెప్పుకునే రాబర్ట్ వాల్పోల్ కట్టించుకున్న ఇల్లు ఇది. 1721 నుంచి 1742 దాకా అధికారంలో ఉన్నాడు. 1722లో పునాది వేశారు. కోలిన్ క్యాంప్‌బెల్, జేమ్స్ గిబ్స్ బయటి కట్టడం చూసుకుంటే, లోపలి అలంకారమంతా విలియం కెంట్ చేశాడు. వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టాలనే కట్టిన ఇల్లు. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఇప్పుడది ఆయన వంశంలోనే చమ్లీ కుటుంబం చేతిలో ఉంది. ఇంగ్లిష్‌లో ఆ ఇంటిపేరు రాస్తే చాంతాడంత ఉంటుంది, పలికేది మాత్రం చమ్లీ అనే. ఇప్పటి యజమాని ఏడో మార్క్విస్ (అదొక బ్రిటిష్ కులీన బిరుదు). తోటలోకి ఆధునిక శిల్పాలు తెచ్చింది ఆయనే.

పాత జమీందారీ ఇంట్లో కొత్త శిల్పాలెందుకు? రెండూ కలుస్తాయా?

నాకూ మొదట ఇదే అనుమానం. కానీ ఈ ఇళ్లు కట్టినప్పుడు కూడా వాటి నిండా శిల్పాలే. వాల్పోల్ తన రాతి హాల్లో పాలరాతి విగ్రహాలు, రోమన్ చక్రవర్తుల తలలు వరసగా పెట్టి, చలి కాచుకునే పొయ్యి పైన తన తలను కూడా రైస్‌బ్రాక్ అనే శిల్పి చేత చెక్కించి పెట్టుకున్నాడు. శిల్పం వాళ్ల హోదాకు గుర్తు.

ఇక గోడల మీది చిత్రాల సంగతి. ఆయన కూడబెట్టిన చిత్రాల్లో రెండు వందలకు పైగా 1779లో మనవడు రష్యా రాణి కేథరిన్‌కు అమ్మేశాడు. నలభై వేల పౌండ్ల పైచిలుకు పలికాయి. అవిప్పుడు చాలావరకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్నాయి. 2013లో కొన్నిటిని కొన్ని నెలలకు అరువు తెచ్చి పాత గోడల మీదే వేలాడదీశారు. ఆ తర్వాత వరసగా రిచర్డ్ లాంగ్, డేమియన్ హర్స్ట్, హెన్రీ మూర్, అనీష్ కపూర్ ప్రదర్శనలు జరిగాయి.

కలుస్తాయా అంటే, అన్నీ కలవవు. భవనం గీతలన్నీ సూటిగా ఉంటాయి, దాని ముందు కొన్ని శిల్పాలు చిన్నబోతాయి. కలిసినప్పుడు మాత్రం ఆ అందం వేరే.

మీరు స్నేహితురాలితో చూసిన ప్రదర్శన ఏది?

బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్లీ ‘టైమ్ హొరైజన్’. 2024 ఏప్రిల్ 21 నుంచి అక్టోబర్ 31 దాకా ఉంది. మనిషి సైజులో పోత ఇనుముతో చేసిన వంద బొమ్మలను మూడు వందల ఎకరాల్లో నిలబెట్టారు. ఒక్కోటి 620 కిలోలు, ఎత్తు సగటున 191 సెంటీమీటర్లు. అన్నీ ఆయన తన ఒంటి నుంచే అచ్చు తీసి చేసినవి. మొదట 2006లో దక్షిణ ఇటలీలో ఒక పురాతన శిథిలాల మధ్య పెట్టారు. బ్రిటన్‌లో చూపించడం ఇదే మొదటిసారి.

అసలు సంగతి లెక్కలో లేదు, నిలబెట్టిన తీరులో ఉంది. నేల ఎలా ఉన్నా, మిట్ట అయినా పల్లం అయినా, వందా ఒకే మట్టంలో ఉన్నాయి. దానివల్ల మిట్ట మీదివి భూమిలో కూరుకుపోయాయి. కొన్నిటికి నడినెత్తి మాత్రమే కనిపిస్తుంది, కొన్ని ఛాతీ దాకా, కొన్ని మోకాళ్ల దాకా. పల్లంలో ఉన్నవాటిని కాంక్రీటు స్తంభాలెక్కించారు, కొన్ని స్తంభాలు నాలుగు మీటర్ల ఎత్తు. నేల మీద మామూలుగా పాదాలు ఆనించి నిలబడ్డవి చాలా తక్కువ. అన్నిటికన్నా దూరపుది పడమటి చెట్ల బాటలో మైలున్నర అవతల ఉంది.

ఎవరి విగ్రహాలవి?

ఈ ప్రశ్న మొదట అడిగింది నా స్నేహితురాలి అమ్మ. మేం పార్కులో ఉండగా వీడియో కాల్ చేసి, “ఎవరి విగ్రహం బిడ్డా అది? అంత తుప్పు పట్టనిచ్చిన్రేంది?” అంది.

మనకు విగ్రహం అంటే ఎవరో ఒకరిది. గుళ్లో దేవుడిది, లేదా చౌరస్తాలో నాయకుడిది. కింద దిమ్మె, దిమ్మె మీద పేరు, పుట్టిన తేదీ, ఆవిష్కరించిన మంత్రి పేరు ఉంటాయి. ఎంత గొప్పవాడైతే దిమ్మె అంత ఎత్తు. గోర్మ్లీ బొమ్మలకు పేరు లేదు, మొహంలో ఫలానా అని గుర్తుపట్టే కవళిక లేదు. ఎత్తులో ఉన్నవాడు గొప్పవాడని కాదు, అక్కడ నేల పల్లం, అంతే. మట్టిలో పూడినవాడు తక్కువవాడు కాదు, అక్కడ నేల మిట్ట.

కాబట్టి అమ్మకు చెప్పిన జవాబు, “ఎవరిదీ కాదమ్మా, మనిషిది.” తుప్పు కూడా కావాలనే వదిలేశారు. పోత ఇనుము వానకు, గాలికి ఎర్రబారి దుక్కి దున్నిన మట్టి రంగుకొస్తుంది. పచ్చగడ్డిలో అది దూరం నుంచే కనిపిస్తుంది.

ఆధునిక శిల్పం అర్థం కాకపోతే ఏం చేయాలి?

ఎక్కువ టెన్షన్ పడేది దీని గురించే. చదువుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ పడతారు. పక్కన బోర్డు ఉంటే ముందు బోర్డు చదివి, తర్వాత శిల్పం వైపు ఒక్కసారి చూసి కదిలిపోతారు. నేనూ 2020లో అదే చేశాను.

నా స్నేహితురాలు నర్సు. ఆర్ట్ గురించి ఒక్క పుస్తకం చదవలేదు, చదవాలన్న ఆసక్తీ లేదు. కానీ వాళ్ల నాన్న నిజామాబాద్ జిల్లాలో తాపీమేస్త్రీ. పార్కులోకి అడుగుపెట్టిన పది నిమిషాలకే ఆగి, ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకు చాచి వరసగా తలలన్నీ చూసింది. “ఏమే, ఇవన్నీ లెవెల్ పట్టి పెట్టిన్రు” అంది. చిన్నప్పుడు నాన్న వెంట పనికి వెళ్తే, నీళ్లు నింపిన సన్న ట్యూబు ఒక కొస తను పట్టుకుని గోడ దగ్గర నిలబడేదట, రెండో కొస నాన్న పట్టుకుని మట్టం చూసి గోడకు గీత పెట్టేవాడట. నేను నెల ముందు నుంచి చదివి తెలుసుకున్న విషయం తను కంటితో పట్టేసింది.

అప్పట్నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. మీకు బతుకులో ఏ పని బాగా తెలుసో ఆ పని కళ్లతో చూడండి. దర్జీకి మడతలు కనిపిస్తాయి, వంట తెలిసినవాళ్లకు అచ్చు పోయడం తెలుస్తుంది, నర్సుకు మనిషి నిలబడ్డ తీరు తెలుస్తుంది. నిజంగానే తను ఒక బొమ్మ ముందు ఆగి, “ఇతను ఊపిరి బిగబట్టి ఉన్నడు” అంది. ఒంటికి పోత పోసినంతసేపు కదలకుండా నిలబడ్డ మనిషి కదా! అర్థం చేసుకోవడానికి అదే మంచి మొదలు.

ఒంటరిగా వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది కదా, స్నేహితురాలు ఎందుకు?

2020లో కోవిడ్ ఆంక్షల మధ్య అనీష్ కపూర్ ప్రదర్శనకు ఒంటరిగా వెళ్లాను. ‘స్కై మిర్రర్’ అని అయిదు మీటర్ల వెడల్పున్న స్టీలు అద్దం, ఆకాశం వైపు వాల్చి పచ్చిక మీద నిలబెట్టారు. మబ్బులు తలకిందులుగా అందులోంచి కదిలిపోతుంటే బాగుంది. ఫొటోలు తీసుకున్నాను. గంటన్నరలో అయిపోయింది.

రెండోసారి ఇద్దరం వెళ్తే ఆరు గంటలు పట్టింది. ఒకరు ఆగితే ఇంకొకరు ఆగాలి. ఆగినప్పుడు ఊరికే ఉండలేక ఇంకోసారి చూస్తాం, అప్పుడు ముందు కనిపించనిది కనిపిస్తుంది. ఇంకో సంగతి, శిల్పం పక్కన మనిషి నిలబడితేనే దాని కొలత తెలుస్తుంది. తను వెళ్లి పూడిపోయిన ఒక బొమ్మ పక్కన నిలబడింది. దాని తల తన మోకాలి దగ్గరుంది. నా ఒళ్లు ఝల్లుమంది. అక్కడ ఎవరూ లేకుండా చూసి ఉంటే అదొక ఇనుప గుండు, అంతే.

ఆమెకు ఆ ప్రదర్శన అంత నచ్చడానికి కారణమేంటి?

ఇది ఆమెను అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను.

వాళ్ల అమ్మమ్మ ఊరు శ్రీరాంసాగర్ ముంపులో పోయింది. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. ఆ వైపు వాళ్లందరికీ ఆ అంకె నోటికి వచ్చు, వానాకాలం వస్తే టీవీలో రోజూ అదే చెప్తారు. నీళ్లు ఒక మట్టానికి వచ్చి ఆగుతాయి. పల్లపు ఇళ్లు పూర్తిగా మునిగాయి, గడ్డ మీదివి గోడల దాకా మునిగాయి, ఇంకా పైన ఉన్నవి మిగిలాయి. ఎవరి ఇల్లు, ఏ కులం, ఎంత భూమి అని నీళ్లు అడగలేదు, మట్టమే చూశాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడలు, గుడి రాళ్లు బయటపడతాయి. వాళ్ల అమ్మమ్మ బతికినంత కాలం ఏటా వెళ్లి చూసొచ్చేదట.

గోర్మ్లీ బొమ్మల మధ్య నడుస్తున్నప్పుడు ఇది చెప్పింది. “నాన్న లెవెల్ ట్యూబు కాదే, ఇది ఎఫ్‌టీఎల్” అని కాసేపు మాట్లాడలేదు. ఫుల్ ట్యాంక్ లెవెల్ అని మన దగ్గర చెరువుల చుట్టూ రాళ్లు పాతుతారే, అది. ఇక్కడ మాత్రం తిరగబడింది, పల్లంలో ఉన్నవాళ్లు స్తంభాలెక్కి బయటపడ్డారు, మిట్ట మీదివాళ్లు మునిగారు. మునిగింది నీళ్లలో కాదు, మట్టిలో.

శిల్పి ఇది అనుకుని చేశాడని నేననడం లేదు. కానీ ఆ రోజు తర్వాత ఆ బొమ్మలను నేను ఇంకోలా చూడలేకపోతున్నాను.

హౌటన్‌లో కూడా ఒక ఊరిని ఖాళీ చేయించారని విన్నాం, నిజమేనా?

నిజమే. భవనానికి దగ్గర్లో పాత హౌటన్ ఊరు ఉండేది. ఇంటి నుంచి చూస్తే ఊరు అడ్డంగా కనిపించకూడదని, పార్కు విశాలంగా ఉండాలని వాల్పోల్ దాన్ని తీసేయించాడు. 1729 నుంచి పార్కు గేటు బయట కొత్త ఊరు కట్టారు. దాని పేరు న్యూ హౌటన్. తెల్ల సున్నం కొట్టిన చిన్న ఇళ్లు రోడ్డుకు రెండు వైపులా వరసగా ఇప్పటికీ ఉన్నాయి, అందులో జనం ఉంటున్నారు. మీరు లోపలికి వచ్చేటప్పుడు వాటిని చూడొచ్చు.

పాత ఊరిలో మిగిలింది సెయింట్ మార్టిన్ చర్చి ఒక్కటే. పార్కులో గడ్డి మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది, చుట్టూ జింకలు మేస్తుంటాయి. వాల్పోల్ సమాధి కూడా అక్కడే. ఊరు పోయాక మిగిలిన గుడి అంటే మన ముంపు ఊళ్లు తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. మీకు టైమ్ ఉంటే శిల్పాలు చూశాక అటు నడవండి. నా లెక్కన హౌటన్‌లో తప్పకుండా చూడాల్సినవాటిలో అదొకటి.

ఎలా వెళ్లాలి?

కారుంటే అన్నిటికన్నా మేలు. కింగ్స్ లిన్ నుంచి ఫేకెన్‌హమ్ వెళ్లే ఏ148 రోడ్డు మీద వెళ్లి పక్కకు తిరగాలి. రైల్లో అయితే లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కింగ్స్ లిన్‌కు నేరుగా రైలు ఉంది, సుమారు రెండు గంటలు. అక్కడి నుంచి ఇంకా 20 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ట్యాక్సీ కావాలి.

ఒక జాగ్రత్త. మొదటిసారి నేను వెళ్లడానికి మాత్రమే ట్యాక్సీ గట్టిగా మాట్లాడుకున్నాను. తిరుగు ప్రయాణానికి వస్తానన్న బండి గంట ఆలస్యంగా వచ్చింది, ఫోన్ సిగ్నల్ సరిగా లేదు, ఆఖరి రైలు పోతుందేమోనని ఒంటరిగా గేటు దగ్గర చాలా భయపడ్డాను. రానూపోనూ రెండూ ముందే బుక్ చేసుకుని, మెసేజ్‌లో ఖాయం చేసుకోండి.

టికెట్ ఎలా? మా దగ్గర నేషనల్ ట్రస్ట్ కార్డు ఉంది, పనికొస్తుందా?

పనికిరాదు. ఇది పాత భవనాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ ఆస్తి కాదు, సొంతదారులున్న ఇల్లు. టికెట్ హౌటన్ హాల్ వెబ్‌సైట్‌లో కొనుక్కోవాలి. ఇల్లు వారంలో అన్ని రోజులూ తెరవరు, చలికాలమంతా మూసే ఉంటుంది. తేదీలు, ధరలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి.

ఎంతసేపు పడుతుంది? దేని తర్వాత ఏది చూడాలి?

రోజంతా పెట్టుకోండి. మేం ముందు దూరపువాటికి వెళ్లాం, పొద్దున కాళ్లలో బలం ఉంటుంది కాబట్టి. తర్వాత గోడ కట్టిన తోట, మధ్యాహ్నం భోజనం, ఆఖర్న ఇల్లు. అలసిపోయాక ఇంటి లోపల నెమ్మదిగా నడవడం హాయిగా ఉంటుంది. అందరూ మొదట ఇంట్లోకి దూరతారు, సాయంత్రానికి పార్కు చివరిదాకా వెళ్లే ఓపిక ఉండదు.

సాయంత్రం ఎండ వాలేవేళ ఇంకోసారి పార్కులోకి వెళ్లండి. ఇనుప బొమ్మల నీడలు గడ్డి మీద పొడుగ్గా పడ్డప్పుడు, మనుషులకూ బొమ్మలకూ తేడా తెలియలేదు. దూరంగా ఒకతను కదలకుండా నిలబడ్డాడని చూస్తుంటే, జేబులోంచి ఫోన్ తీశాడు.

ఎప్పుడూ అక్కడే ఉండే శిల్పాలు ఏవి?

చాలానే ఉన్నాయి, ప్రదర్శన లేకపోయినా వీటి కోసం వెళ్లొచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జేమ్స్ టరెల్ కట్టిన ఆకాశపు గది. బయటికి చూస్తే స్తంభాల మీద నిలబెట్టిన చెక్క పెట్టెలా ఉంటుంది, వాలు దారి ఎక్కి లోపలికి వెళ్లాలి. లోపల చుట్టూ కూర్చోడానికి బల్లలు, పైకప్పులో చదరంగా ఒక ఖాళీ. మన పాత ఇళ్లలో భవంతి మధ్య ఆకాశం కనిపించేదే, అలాంటిది. మేం అరగంట కూర్చున్నాం. మబ్బు వెళ్తుంటే ఆకాశం దగ్గరికి దిగొచ్చి కప్పుకు అతికించినట్టు ఉంటుంది. అందులో మాట్లాడాలనిపించలేదు.

రిచర్డ్ లాంగ్ ‘ఫుల్ మూన్ సర్కిల్’ కార్న్‌వాల్ పలక రాళ్లు గుండ్రంగా పేర్చినది. రేచెల్ వైట్‌రీడ్ తోటలోని చిన్న కొట్టం లోపలి ఖాళీ జాగాను కాంక్రీటుతో అచ్చు పోసింది. గది ఎక్కడ ఖాళీగా ఉంటుందో అక్కడ సిమెంటు ముద్ద, గోడలున్న చోట ఏమీ లేదు. గోడ కట్టిన తోటలో యెప్పె హైన్ ఫౌంటెన్ ఉంది, ఎగసే నీటి కొసన మంట వెలుగుతుంటుంది. పిల్లలు అక్కడి నుంచి కదలరు.

ఇంటి లోపల ఏం చూడాలి?

రాతి హాలు. నలభై అడుగుల పొడుగు, నలభై వెడల్పు, నలభై ఎత్తు. తర్వాత ఆకుపచ్చ వెల్వెట్ మంచం, తలవైపు పెద్ద శంఖపు చిప్ప ఆకారం. దాని జరీకే 1732లో పన్నెండు వందల పౌండ్లకు పైగా బిల్లయింది. గద్వాల చీరల జరీ తెలిసిన మా ఇద్దరం దాని ముందు చాలాసేపు నిలబడ్డాం. మగపిల్లలు ఉంటే బొమ్మ సైనికుల మ్యూజియం చూపించండి, దాదాపు ఇరవై వేల బొమ్మలున్నాయి.

బట్టలు లేని బొమ్మలున్నాయట. పిల్లలతో, అమ్మానాన్నలతో వెళ్తే ఇబ్బంది కాదా?

గోర్మ్లీ బొమ్మలన్నీ దిగంబరంగానే ఉన్నాయి. మొదటి రెండు బొమ్మల దగ్గర కాస్త సంకోచం ఉంటుంది, పదో బొమ్మకు పోతుంది. ఎందుకంటే వాటిలో శృంగారం లేదు, ధైర్యప్రదర్శన లేదు, ఊరికే నిలబడ్డ ఒళ్లు మాత్రమే. శ్రవణబెళగొళ గోమటేశ్వరుణ్ణి పిల్లాపాపలతో వెళ్లి చూసి దండం పెట్టుకుని రావడం లేదా? పిల్లలకు ముందే ఒక్క మాట చెప్పి తీసుకెళ్లండి. పెద్దవాళ్లు ఇబ్బంది పడతారనిపిస్తే ఆ ఏడు ఎవరి ప్రదర్శనో చూసి నిర్ణయించుకోండి, అన్నీ ఇలా ఉండవు.

ముట్టుకోవచ్చా?

అక్కడి వాలంటీర్లను అడగండి, ఒక్కో శిల్పానికి ఒక్కో నియమం. వద్దంటే కారణం ఉంటుంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, అది లోహాన్ని తినేస్తుంది. కంచు మీద రసాయనాలతో తెచ్చిన రంగు, దానిపైన మైనం పూత ఉంటాయి. వేలమంది ఒకే చోట తాకితే అక్కడ పూత పోయి పసుపు లోహం తేలుతుంది. మన గుళ్లలో గడప ఇత్తడి తొడుగు ఎలా మెరుస్తుందో చూశారుగా. రాయి అయితే చేతి నూనె పీల్చుకుని నల్లబడుతుంది. ఎక్కడం, పిల్లల్ని ఎక్కించి ఫొటో తీయడం మాత్రం ఎక్కడా వద్దు. దయచేసి.

ఏం వేసుకోవాలి? తిండి?

మంచి బూట్లు. గడ్డి పొద్దున తడిగా ఉంటుంది, కొన్నిచోట్ల నేల ఎగుడుదిగుడు. చీర కట్టుకుని శిల్పాల పక్కన ఫొటో దిగాలని ఉంటే బేషుగ్గా దిగండి, కానీ కాళ్లకు చెప్పులు వద్దు. ఎండగా ఉన్నా వాన కోటు పెట్టుకోండి, నార్ఫోక్ గాలి సముద్రం మీంచి వస్తుంది. గుర్రపుశాలల దగ్గర కేఫ్ ఉంది. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తెచ్చుకుని కారు దగ్గరే తిన్నాం.

ఈ ఇంటికి ఇండియాతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ గట్టిదే. 1913లో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన సిబిల్ సస్సూన్ ముత్తాత డేవిడ్ సస్సూన్, బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి పత్తి, నల్లమందు వ్యాపారంలో పెద్ద ఆస్తి సంపాదించిన యూదు వర్తకుడు. ముంబైలో సస్సూన్ డాక్ వాళ్లు కట్టించిందే, ఆయన పేరున లైబ్రరీ కూడా ఉంది. పాడుబడుతున్న హౌటన్‌ను సిబిల్, ఆమె భర్త మళ్లీ నిలబెట్టారు. తోటలో ఆన్యా గలాచియో ఆమె సంతకాన్నే రాగి రంగు ఆకుల బీచ్ మొక్కల కంచెగా నాటింది. నేల మీద నిలబడి చూస్తే వంకర కంచె, పైనుంచి చూస్తే సిబిల్ అనే పేరు. ఆ అందమైన గదుల్లో నడుస్తున్నప్పుడు వాటి వెనక బొంబాయి రేవు, నల్లమందు పెట్టెలు ఉన్నాయని గుర్తుంచుకోవడం మన బాధ్యత అని నాకనిపిస్తుంది.

శిల్పుల వైపు చూస్తే, కపూర్ పుట్టింది ముంబైలో. గోర్మ్లీ ఇరవయ్యేళ్లప్పుడు మూడేళ్లపాటు ఇండియాలో, శ్రీలంకలో విపశ్యన ధ్యానం నేర్చుకున్నాడు. కదలకుండా శ్వాస గమనిస్తూ ఉండే ఒళ్లు ఆ బొమ్మల్లో కనిపించిందంటే ఆశ్చర్యం లేదు. 2025లో ప్రదర్శన పెట్టిన స్టీఫెన్ కాక్స్ అయితే 1986లో ఢిల్లీ త్రైవార్షిక ప్రదర్శనకు వచ్చి, మహాబలిపురంలో రాతి శిల్పుల మధ్య పని మొదలుపెట్టినవాడు.

ఇలాంటివి ఇంకెక్కడ చూడొచ్చు?

డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ వెళ్లండి. అక్కడ రఫాయెలె మోంటీ చెక్కిన ముసుగు కన్య ఉంది. పాలరాతిలో పల్చటి మేలిముసుగు, వెనక మొహం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా ముందు చిన్నప్పుడు నిలబడ్డవాళ్లకు ఆమె అక్కో చెల్లో కనిపించినట్టు ఉంటుంది. తోటలో కొత్త శిల్పాలూ ఉన్నాయి. బ్లెనమ్ ప్యాలెస్‌లో 2014లో చైనా కళాకారుడు ఐ వెయివెయితో మొదలుపెట్టి ఆధునిక ప్రదర్శనలు జరిపారు. పూర్తిగా శిల్పాలకే రోజు కేటాయించాలంటే యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్క్, అది కూడా ఒకప్పటి జమీందారీ ఎస్టేటే, 1977 నుంచి ఉంది.

ఆ వంద బొమ్మలు తీసేశారు కదా, ఇప్పుడు వెళ్లి లాభమేంటి?

తీసేశారు. ఏటా వేరే శిల్పి వస్తారు, కాబట్టి మీరు చూసేది మేం చూసినది కాదు. అయినా పార్కు అదే, జింకలు అవే, తెల్ల జింకల మంద మధ్య చర్చి అదే, టరెల్ గదిలో ఆకాశం ఉండనే ఉంది.

మా ఇద్దరికీ ఇంకో ప్రయాణం బాకీ ఉంది. నా స్నేహితురాలు ఫొటోలన్నీ వాళ్ల నాన్నకు పంపింది. ఆయన బొమ్మల గురించి ఏమీ అడగలేదు. రిచర్డ్ లాంగ్ రాతి వలయం ఫొటో పెద్దది చేసి చూసి, “సిమెంటు లేకుండ పేర్చిన్రా? అంచు ఎట్ల నిలబడ్డది?” అన్నాడట. వచ్చే వేసవికి ఆయనకు వీసా పెడుతోంది. ముగ్గురం వెళ్తాం, రాళ్ల దగ్గరికే ముందు.